ఆవిరి బన్నులో బాతు మాంసం: రుచి, పోషణ, వెల

భోజనశాలల జాబితాలో బాతు మాంసంతో ఆవిరి బన్ను అని ఒకే పేరుతో కనిపించేది నిజానికి రెండు వేర్వేరు వంటకాలు. మొదటిదానిలో పులిసిన పచ్చి పిండిని బిళ్లగా వత్తి, మధ్యలో మాంసపు కూరు పెట్టి, అంచులను మడతలుగా ముడిచి మూసి, ఆ తరువాత ఆవిరికి పెడతారు. చైనాలో బావొజి అనే పేరుతో ప్రసిద్ధమైనది ఇదే; దీనిని మూత బన్ను అందాం. మడత బన్ను అనదగిన రెండవదానిలో పిండిని కోలగా వత్తి, నూనె రాసి, సగానికి మడిచి, లోపల ఏమీ పెట్టకుండానే ఆవిరిపై ఉడికిస్తారు. వడ్డించే వేళకు ఆ మడతను విప్పి, వేరుగా కాల్చిన బాతు ముక్కలను, ఉల్లికాడలను, కీర దోస చీలికలను, తీపి సాస్‌ను అందులో అమరుస్తారు. చైనాలో చాలాచోట్ల దీనిని దాని ఆకారాన్ని బట్టి తామరాకు బన్ను అంటారు; ఫుజియన్, తైవాన్ ప్రాంతాలలో గ్వా బావో అంటారు; ఇతర దేశాల భోజనశాలల్లో ఉత్త బావోగానే చలామణి అవుతున్నది. పైకి స్వల్పంగా కనిపించే ఈ తేడాయే రుచిని, పోషణను, చెల్లించిన సొమ్ముకు దక్కే ఫలాన్ని మూడింటినీ నిర్ణయిస్తుంది; ఎందుకంటే బాతు విలువలో పెద్ద వాటా దాని చర్మంలో ఉంటుంది, ఆ చర్మం ఆవిరికి బద్ధశత్రువు. ఈ వంటకాన్ని గురించి వచ్చే మెచ్చుకోళ్లలోనూ విమర్శల్లోనూ చాలా భాగం ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల దారితప్పినవే.

ఆవిరిపై ఉడికిన గోధుమ పిండి చైనాలో అతి ప్రాచీనమైన ఆహారం. మూడవ శతాబ్దపు సేనాని జూగ లియాంగ్ దక్షిణ దండయాత్రలో నరబలికి మారుగా మాంసం కూరిన పిండి తలలను నదికి సమర్పించాడనే కథ బహుళ ప్రచారంలో ఉన్నా, అది ఆ కాలానికి ఎన్నో వందల ఏళ్ల తరువాత, సోంగ్ వంశపు రచనల ద్వారా వ్యాపించినది కనుక దానిని చరిత్రగా గాక పురాణంగా తీసుకోవడమే మేలు. బాతుకూ బన్నుకూ ముడి పడిన వైనం మాత్రం మరింత స్పష్టంగా తెలుస్తుంది. బీజింగ్ నగరంలో కాల్చిన బాతును వడ్డించే ప్రసిద్ధ పద్ధతిలో బన్నుకు చోటు లేదు. 1864లో స్థాపితమైన చ్వాన్‌జుదే వంటి భోజనశాలల్లో బాతు ముక్కలను చుట్టుకొని తినడానికి ఇచ్చేది పుల్కా కన్నా పలచని గోధుమ రొట్టెలను. బాతును మడత బన్నుతో జతచేసిన సంప్రదాయం సిచువాన్‌ది. అక్కడ మసాలాలో ఊరవేసి, తేయాకు, కర్పూర వృక్షపు ఆకుల పొగ పట్టించి, ఆవిరిపై ఉడికించి, చివరకు నూనెలో వేయించే పొగబాతును తామరాకు బన్నులతో కలిపి వడ్డిస్తారు. ఒకే బాతు పొగను, ఆవిరిని, నూనెను మూడింటినీ దాటి వచ్చే ఆ క్రమంలో వేపుడు చిట్టచివర ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆవిరి మెత్తబరిచిన చర్మాన్ని తిరిగి కరకరలాడించడానికే ఆ ఏర్పాటు.

చైనా వెలుపల ఈ జంటకు ప్రాచుర్యం తెచ్చినవారు కాంటనీస్ వంటవారు. అమెరికా నగరాల్లోని చైనీయుల పేటల్లో వారు నడిపిన భోజనశాలలు పెకింగ్ బాతు అని పేరొందిన ఆ బీజింగ్ కాల్చిన బాతును పలచని రొట్టెలకు బదులు మెత్తని మడత బన్నులతో వడ్డించడం అలవాటు చేశాయి. న్యూయార్క్‌లో 2004లో మొమొఫుకు నూడిల్ బార్ తెరిచిన డేవిడ్ చాంగ్, తరువాత ప్రపంచమంతా అనుకరించిన పంది మాంసపు బన్నుకు ప్రేరణ ఆ నగరపు చైనీయుల పేటలోని ఓరియంటల్ గార్డెన్ భోజనశాలలో తాను తిన్న బాతు బన్నులేనని 2009 నాటి తన వంటల పుస్తకంలో చెప్పుకున్నాడు. తైవాన్‌లో ఏడాది చివర యజమానులు పనివారికి ఇచ్చే విందులో పంది మాంసం, ఊరవేసిన ఆవాకు, వేరుసెనగ పొడి కూరిన గ్వా బావో తినడం ఎంతోకాలంగా ఉన్న ఆచారమే అయినా, నేడు లండన్ నుంచి హైదరాబాద్ వరకూ విస్తరించిన బావో వ్యామోహపు వంశవృక్షంలో బాతు బన్ను ఒక మూలపురుషుని స్థానంలో ఉన్నదన్నమాట. అందరూ కొత్త వింత అనుకొని తినే బాతు బావో, చాంగ్ చేసిన పంది మాంసపు బన్నుకు తమ్ముడు కాదు, అన్న.

రుచి విచారణ పక్షితో మొదలు కావాలి. పెకింగ్ అనే తెల్లని బాతు జాతి చైనాలో పుట్టి, 1870 దశకంలో ఇంగ్లండుకూ అమెరికాకూ చేరింది. అమెరికాలో న్యూయార్క్ సమీపాన ఉన్న లాంగ్ ఐలండ్ దాని పెంపకానికి పేరుపొందింది. ఇంగ్లండులో దీని నుంచే త్వరగా ఎదిగే, కొవ్వు తక్కువైన రకాలను అభివృద్ధి చేసిన చెర్రీ వ్యాలీ సంస్థ ఆ బాతు పిల్లలను చైనాకే అమ్మింది, చివరకు 2017లో ఆ సంస్థను చైనా కంపెనీలే కొనివేశాయి. బాతు దేశాలు తిరిగి పుట్టింటికి చేరిందనుకోవచ్చు, కాకపోతే కాస్త చిక్కి. సంప్రదాయ బీజింగ్ పెంపకందారులు చివరి రోజుల్లో పక్షికి బలవంతంగా మేత మేపి, చర్మం కింద దట్టమైన కొవ్వు పొరను పెంచేవారు. నీటిలో తేలే పక్షికి చలి నుంచి రక్షణగా ప్రకృతి ఇచ్చిన ఆ పొర, వంటవాని చేతిలో పడితే వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది. కోడి రొమ్ము మాంసం తెల్లగా ఉంటే బాతు రొమ్ము మాంసం ఎర్రగా ఉండడానికి కారణం కండరాల్లో ప్రాణవాయువును నిలవచేసే మయోగ్లోబిన్ అనే ఎర్రని మాంసకృత్తి. లోహపు ఛాయ కలిగిన బాతు మాంసపు గాఢమైన రుచికి అదీ ఒక కారణమే. బాతు కొవ్వు శరీర ఉష్ణోగ్రతకు చాలా దిగువనే కరుగుతుంది కనుక గొర్రె కొవ్వు వలె అంగిలికి అంటుకోక నోటిలో జారిపోతుంది.

ఇక ఆ చర్మాన్ని కరకరలాడేలా చేయడానికి బీజింగ్ వంటవారు పడే శ్రమ చూస్తే, దానిని తీసుకొనిపోయి తడి పిండిలో మూసిపెట్టడం ఎంత అనర్థమో అర్థమవుతుంది. ముందుగా చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది రెంటినీ విడదీస్తారు. దీనివల్ల కాలేటప్పుడు కరిగిన కొవ్వు బయటకు జారడానికి దారి ఏర్పడుతుంది. తరువాత మరిగే నీరు పోసి చర్మాన్ని బిగిస్తారు, మాల్టోజ్ అనే ధాన్యపు చక్కెర పాకం పూస్తారు, గాలి తగిలే చోట గంటల తరబడి వేలాడదీసి ఆరబెడతారు. ఆరిన బాతును పండ్ల చెట్ల కట్టెలు మండే పొయ్యిలో వేలాడదీసి కాల్చినప్పుడు చర్మంలోని తేమ పోయి, పైపూతలోని చక్కెరా చర్మపు మాంసకృత్తులూ కలిసి ఎర్రబడి, సువాసన కలిగిన పెళుసు పొర ఏర్పడుతుంది. వేడిమికి చక్కెరలు, మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు పరస్పరం చర్య జరిపి రంగునూ పరిమళాన్నీ ఇచ్చే ఈ మార్పును మైలార్డ్ చర్య అంటారు. ఇది చురుగ్గా సాగడానికి నీరు మరిగే స్థాయిని బాగా మించిన వేడి, పొడిదనం కావాలి. ఆవిరి బుట్టలో వేడి 100 డిగ్రీల సెల్సియస్ వద్దే ఆగిపోతుంది, తేమకు కొదవే ఉండదు; బన్ను తెల్లగా, మృదువుగా ఉండడానికి కారణమైన పరిస్థితే బాతు చర్మాన్ని రబ్బరుగా మార్చే పరిస్థితి కూడా.

కాల్చిన బాతును ముక్కలు చేసి మూత బన్నులో కూరి, మళ్లీ పది పన్నెండు నిమిషాలు ఆవిరికి పెట్టే భోజనశాలలు ఈ సంగతిని విస్మరిస్తున్నాయి. పిండి నుంచీ సాస్ నుంచీ తేమ ఎండిన చర్మంలోకి చేరుతుంది, పెళుసుదనం పోయి సాగే పీలిక మిగులుతుంది, పొయ్యిలో సగం కరిగిన కొవ్వు మిగతా సగం ఇక్కడ కరిగి అడుగు పిండిలోకి ఇంకుతుంది. జాబితాలో పెకింగ్ బాతు బన్ను అని రాసి ఇటువంటిది వడ్డించడం అబద్ధం కాకపోవచ్చు గానీ, ఖరీదైన శ్రమను నీటిపాలు చేయడం మాత్రం నిజం. మడత బన్నులో ఈ చిక్కు తక్కువ. బన్ను విడిగా ఉడుకుతుంది, బాతు విడిగా కాలుతుంది, రెండూ కలిసేది నోటికి చేరడానికి కొద్ది నిమిషాల ముందే. అప్పుడు పంటి కింద మొదట మెత్తని పిండి, ఆ వెనుక పెళుసు చర్మం, దాని కింద రసమూరే మాంసం, చివరకు కీర దోస చల్లదనం వరుసగా తగులుతాయి. ఈ వంటకపు ఆకర్షణ అంతా ఆ వైరుధ్యంలోనే ఉన్నది. అయితే ఈ అనుకూలత అల్పాయువు. వేడి బన్నులోని ఆవిరి చర్మాన్ని వెంటనే పట్టుకుంటుంది కనుక, వంటగదిలోనే సర్ది పది నిమిషాల తరువాత బల్ల మీదికి తెచ్చే బన్ను కన్నా, బన్నులను బుట్టలోనూ బాతును పళ్లెంలోనూ వేరువేరుగా తెచ్చి తినేవారి చేతికే సర్దుబాటు వదిలే పద్ధతి అన్నివిధాలా ఉత్తమం. ఇంటికి తెప్పించుకునే పొట్లాలలో ఈ వంటకం దాదాపు ఎప్పుడూ ఓడిపోవడానికి కారణమూ ఇదే.

మూత బన్నుకు బాతు పనికిరాదని దీని అర్థం కాదు. దానికి వేరే బాతు కావాలి, లేదా అదే బాతులోని వేరే భాగం కావాలి. తొడలు, కాళ్లు ఎక్కువగా పనిచేసే కండరాలు కనుక వాటిలో కొలాజెన్ అనే కట్టుపదార్థం అధికం. సోయా సాస్, అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క, కొద్దిగా చక్కెరతో నెమ్మదిగా, దీర్ఘకాలం ఉడికిస్తే ఆ కొలాజెన్ కరిగి, పెదవులకు అంటుకునే జెలటిన్‌గా మారుతుంది. చర్మం తీసి, మాంసాన్ని చేత్తో విడదీసి, పుట్టగొడుగులు, వెదురు మొలకలు కలిపి, కొవ్వు తీసివేసిన ఆ ఉడుకు రసాన్నే చిక్కబరిచి కూరుగా వాడితే, ఆవిరి దానికి హాని చేయదు, పైగా మేలు చేస్తుంది. పూర్ణం కుడుములు చేసే తెలుగు ఇల్లాలికి తెలిసిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: కూరు పలచబడితే పొర చిరుగుతుంది, మరీ గట్టిపడితే మింగుడుపడదు. చైనా వంటవారు దీనికి రెండు ఉపాయాలు వాడతారు. రసంలో పిండి కలిపి చిక్కని పాకంగా చేసి మాంసానికి పట్టించడం కాంటనీస్ పద్ధతి. ఎముకల రసాన్ని చల్లార్చి, జెల్లీలా గడ్డకట్టించి, ఆ ముక్కలను కూరులో కలిపి, ఆవిరికి అవి కరిగి రసమయ్యేలా చూడడం షాంఘై పరిసరాల రసపు బన్నుల పద్ధతి. జెలటిన్ సమృద్ధిగా ఉండే బాతు కాళ్లకు రెండవదే ఎక్కువ నప్పుతుందని చెప్పాలి, కానీ శ్రమ ఎక్కువ కావడం వల్ల భోజనశాలలు దానిని అరుదుగా తలపెడతాయి.

పిండి విషయంలోనూ రెండు సంప్రదాయాలున్నాయి. ఉత్తరాదివారు మధ్యస్థమైన మాంసకృత్తులున్న పిండిని ఈస్టుతోనో, ముందురోజు మిగిల్చిన పులిసిన ముద్దతోనో పులియబెట్టి, పులుపును విరచడానికి కొద్దిగా సోడా కలుపుతారు. బన్ను గోధుమ రుచితో, కాస్త నమిలే గుణంతో ఉంటుంది. కాంటనీస్‌వారు మాంసకృత్తులు తక్కువైన తెల్లని పిండి, బేకింగ్ పౌడర్, పంది కొవ్వు, పిండి బరువులో పదో వంతును మించిన చక్కెర వాడి, దూదిలా విడిపోయే తీపి బన్ను చేస్తారు. గోధుమలో సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ తక్కువైనందువల్లనే ఆ మృదుత్వం వస్తుంది. బాతు మడత బన్నుకు మొదటి రకానికి దగ్గరగా ఉండే పిండి మేలు. తీపి బన్ను, తీపి సాస్, తీపి పూత పూసిన చర్మం మూడూ ఒకచోట చేరితే అది భోజనం కన్నా మిఠాయికి దగ్గరవుతుంది. వెదురు బుట్ట విషయమూ చిన్నదేమీ కాదు. లోహపు మూతకు కింద నీరు చేరి చుక్కలుగా రాలి బన్ను మీద జిగురు మచ్చలు పడతాయి, వెదురు అల్లిక ఆ తేమను పీల్చుకొని పైకి వదులుతుంది.

సాస్ గురించి ఒక మాట చాలు. బీజింగ్‌లో వాడేది గోధుమ పిండిని పులియబెట్టి చేసిన తీపి ముద్ద; విదేశాల్లో వాడేది సోయా, చక్కెర, వెల్లుల్లి, మసాలాలతో చేసే హోయిసిన్. రెండూ తీపి, ఉప్పు కలిసినవే గాని పులుపు లేనివి, బాతు కొవ్వుకు కావలసింది కొంత పులుపు. అందువల్ల ఊరవేసిన ముల్లంగి గానీ, ఆవాకు గానీ జతచేసిన బన్ను హోయిసిన్‌లో ముంచెత్తిన బన్ను కన్నా మెరుగ్గా ఉండడం సహజం. సాస్ ఎంత ఎక్కువైతే లోపలి బాతుకు అంత తక్కువ చెప్పుకోదగ్గ గుణముందని అనుమానించడం చాలాసార్లు న్యాయమే అవుతుంది.

పోషణ దగ్గరికి వస్తే, ఈ వంటకం పట్ల ఉన్న అతిపెద్ద భ్రమ ఆవిరి అనే మాట నుంచి పుట్టింది. ఆవిరిపై ఉడికినది కనుక తేలిక అనే భావన పిండి వరకు నిజం. నూనెలో కాలే పూరీతోనో పఫ్‌తోనో పోల్చినప్పుడు ఆవిరి బన్నుకు కొత్తగా కొవ్వు చేరదు. కానీ బన్నులోని కొవ్వు పిండిది కాదు, బాతుది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం చర్మంతో సహా కాల్చిన పెంపుడు బాతు మాంసం 100 గ్రాములలో 337 కిలోకేలరీల శక్తి, 19 గ్రాముల మాంసకృత్తులు, 28 గ్రాముల కొవ్వు ఉంటాయి; ఆ కొవ్వులో దాదాపు 9.7 గ్రాములు సంతృప్త కొవ్వు, అంటే రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచే రకం. చర్మం తీసివేస్తే అదే 100 గ్రాములకు శక్తి 201 కిలోకేలరీలకు, కొవ్వు 11 గ్రాములకు తగ్గి, మాంసకృత్తులు 23 గ్రాములు దాటుతాయి. చర్మంతో కాల్చిన కోడి మాంసంలో శక్తి 239 కిలోకేలరీలు, కొవ్వు 13.6 గ్రాములు కనుక, చర్మమున్న బాతు కోడికి రెట్టింపు కొవ్వు కలది, చర్మం లేని బాతు చర్మమున్న కోడి కన్నా తేలికైనది. బాతు మాంసం మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పేవారు ఈ రెండు అంకెలలో ఒకదాన్ని మాత్రమే చూస్తున్నారన్నమాట.

ఒక బన్నును లెక్కకు తీసుకొని చూడవచ్చు. 60 గ్రాముల సాదా ఆవిరి పిండి, 35 గ్రాముల చర్మమున్న బాతు, 10 గ్రాముల హోయిసిన్ అనుకుంటే, 100 గ్రాములకు సుమారు 220 కిలోకేలరీల చొప్పున పిండి నుంచి 132, బాతు నుంచి 118, సాస్ నుంచి 22, మొత్తం సుమారు 270 కిలోకేలరీలు వస్తాయి. మాంసకృత్తులు 11 గ్రాములకు కొద్దిగా తక్కువ, కొవ్వూ దాదాపు అంతే. మూడు బన్నులు తిన్నవారికి 800 పైచిలుకు కిలోకేలరీలు, 30 గ్రాములు దాటిన మాంసకృత్తులు, 10 గ్రాముల సంతృప్త కొవ్వు చేరతాయి. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన రోజువారీ మాంసకృత్తుల పరిమాణం పురుషునికి 54, స్త్రీకి 46 గ్రాములు కనుక, ఆ కోణం నుంచి ఇది హీనమైన భోజనం కాదు. పైగా గోధుమ మాంసకృత్తులలో లోపించే లైసిన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లాన్ని మాంసం భర్తీ చేస్తుంది. సంతృప్త కొవ్వు విషయంలో మాత్రం, రోజుకు 2000 కిలోకేలరీలు తీసుకునే వ్యక్తి మొత్తం శక్తిలో పదో వంతును దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాన్ని బట్టి చూస్తే, దాదాపు 22 గ్రాముల పరిమితిలో సగానికి చేరువ మూడు బన్నులతోనే ముగుస్తుంది.

ఈ లెక్కలో మళ్లీ వండే పద్ధతి జోక్యం చేసుకుంటుంది. ఆరబెట్టి, గాలి ఊది, వేలాడదీసి కాల్చిన బాతు నుంచి కొవ్వు పొయ్యి అడుగుకు జారిపోతుంది కనుక, బాగా కాలిన పెళుసు చర్మంలో పట్టికలో చూపిన సగటు కన్నా తక్కువ కొవ్వు మిగలవచ్చు. సరిగా కరగని చర్మంతో మూసిన బన్నులో కొవ్వుకు పోయే దారి లేదు. అది పిండిలోకి ఇంకి, అంతా కడుపులోకే చేరుతుంది. రుచికి మేలు చేసిన పద్ధతే ఆరోగ్యానికీ కొంత మేలు చేయడం వంటశాస్త్రంలో తరచుగా జరగని విషయం.

బాతు కొవ్వు ఆలివ్ నూనెతో సమానమనే ప్రచారాన్ని కూడా ఇక్కడ సవరించాలి. బాతు కొవ్వులో సుమారు సగం ఏక అసంతృప్త కొవ్వులే, ఆలివ్ నూనెలో ప్రధానమైన ఒలీయిక్ ఆమ్లం ఇందులోనూ ప్రధానమే; కానీ దానిలో మూడింట ఒక వంతు సంతృప్త కొవ్వు, ఆలివ్ నూనెలో అది సుమారు ఏడింట ఒక వంతు. నెయ్యిలో సంతృప్త కొవ్వు 60 శాతాన్ని దాటుతుంది కనుక, బాతు కొవ్వు స్థానం ఆ రెంటికీ నడుమ. ఇనుము విషయంలో బాతుకు నిజమైన ఆధిక్యముంది. కాల్చిన బాతు 100 గ్రాములలో 2.7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, కోడిలో ఇది దానిలో సగం కూడా ఉండదు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా సులభంగా ఒంటబడుతుంది. అయినా మూడు బన్నుల్లోని బాతు ఇచ్చే ఇనుము, పోషకాహార సంస్థ పురుషునికి సూచించిన 19 మిల్లీగ్రాములలో ఏడో వంతు, స్త్రీకి సూచించిన 29లో పదో వంతు మాత్రమే.

అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది ఉప్పు. హోయిసిన్ సాస్ 100 గ్రాములలో సుమారు 1600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే 10 గ్రాముల చెంచాడు సాస్‌తోనే 160 మిల్లీగ్రాములు. దానికి బాతును ఊరవేసిన ఉప్పు, పిండిలోని ఉప్పు, బేకింగ్ పౌడర్‌లోని సోడియం కలిస్తే బన్నుకు 300 మిల్లీగ్రాములు దాటడం కష్టమేమీ కాదు. పెద్దలు రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపోటు ఉన్నవారు బాతు చర్మానికి భయపడినంతగా సాస్ గిన్నెకు భయపడకపోవడం తలకిందుల జాగ్రత్త. మధుమేహం ఉన్నవారికి అసలు చిక్కు తెల్లని పిండి. పీచు దాదాపు లేని మెత్తని బన్ను త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచే స్వభావం కలది; వెంట ఉండే మాంసం, కొవ్వు ఆ వేగాన్ని కొంత తగ్గించినా, రెండు చీలికల కీర దోసను కూరగాయగా లెక్కవేసుకోవడం కుదరదు.

వెల విచారణలో బన్నుల సంఖ్యను చూడడం మోసపోవడానికి దగ్గరి దారి. చూడవలసింది చెల్లించిన సొమ్ముకు దక్కిన బాతు తూకాన్ని. బాతుకు ఎముక ఎక్కువ, మాంసం తక్కువ. కాల్చేటప్పుడు నీరూ కొవ్వూ పోగా బరువు బాగా తగ్గుతుంది. ఈకలు పీకడం కోడితో పోలిస్తే చాలా కష్టం కనుక పెద్ద శాలల్లో కరిగిన మైనంలో ముంచి ఈకలు లాగుతారు. వీటన్నిటికీ ఆరబెట్టే సమయం, పొయ్యి దగ్గర కనిపెట్టుకొని ఉండే నిపుణుని కూలి తోడవుతాయి. రెండున్నర కిలోల శుభ్రం చేసిన పక్షి నుంచి బన్నులకు పనికివచ్చే చర్మం, మాంసం ఏడెనిమిది వందల గ్రాములు వస్తాయనుకుంటే, బన్నుకు 35 గ్రాముల చొప్పున ఇరవై బన్నులు దాటవచ్చు. కనుక మడత బన్నుల్లో బాతు బన్ను కోడి బన్ను కన్నా ఖరీదుగా ఉండడంలో అన్యాయం లేదు. అన్యాయం ఉండేది అరచేయంత తెల్లని పిండిలో రెండు సన్నని చీలికలు పెట్టి, మిగతా చోటును సాస్‌తో నింపి, జాబితాలో పెకింగ్ పేరు చూపి ధర వేసే చోట. ఆ పేరుకున్న గౌరవం వంటగది దాటి రాజనీతి దాకా పోయింది. 1971 జూలైలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ రహస్యంగా బీజింగ్ చేరినప్పుడు చైనా ప్రధాని జౌ ఎన్‌లై ఆయనకు విందులో వడ్డించినది కాల్చిన బాతునే. అటువంటి కీర్తికి కట్టే పన్ను నేటికీ భోజనపు చీటీల్లో కనిపిస్తూనే ఉంటుంది.

చవకలోనూ మంచి బన్ను సాధ్యమేనని న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ పేట నిరూపించింది. అక్కడి ప్రధాన వీధిలో కార్నర్ 28 అనే భోజనశాల వీధివైపు కిటికీ దగ్గర, 2010 ప్రాంతంలో, కాల్చిన బాతు ముక్క, ఉల్లికాడ, సాస్ పెట్టిన మడత బన్నును ఒక్క డాలరుకు అమ్మేది. దీని రహస్యం దాతృత్వం కాదు, అమ్మకపు వేగం. బాతులు వరుసగా కాలుతూ ఉండేవి, నిలవ ఉండేది కాదు, కూర్చోబెట్టి వడ్డించే ఖర్చు ఉండేది కాదు, కొనుగోలుదారు ఫుట్‌పాత్ మీదే నిలబడి వెంటనే తినేసేవాడు కనుక చర్మం మెత్తబడే వ్యవధి కూడా ఉండేది కాదు. దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ చైనాలోనే దొరుకుతుంది. తియాన్‌జిన్ నగరంలో 1858 నుంచి పేరున్న గోబులీ బావొజి సంస్థకు చెందిన బీజింగ్‌లోని వాంగ్‌ఫుజింగ్ శాఖలో బన్నులు జిడ్డుగా, పిండి మందంగా, కూరు కొద్దిగా ఉన్నాయని, ధరకు తగినట్లు లేవని ఒక వినియోగదారుడు 2020 సెప్టెంబరులో వీడియో పెట్టినప్పుడు, ఆ శాఖ పోలీసులకు ఫిర్యాదు చేశామని ప్రకటించి దేశమంతటా నవ్వులపాలైంది, మాతృసంస్థ ఆ శాఖతో ఒప్పందాన్ని రద్దుచేసుకుంది. అవి బాతు బన్నులు కావు, అయినా అక్కడి ఫిర్యాదులోని అంశాలన్నీ బాతు బన్నును తూచడానికి అక్షరాలా సరిపోతాయి.

చైనా భోజనశాలలు బాతు ఖరీదును భరించగలగడానికి మరొక కారణం పక్షిని ఆసాంతం వాడుకోవడం. ఒక బాతును మూడు విధాలుగా వడ్డించే పద్ధతిలో చర్మం, రొమ్ము మాంసం రొట్టెలకో బన్నులకో పోతాయి, మిగతా మాంసం కూరగాయలతో వేగుతుంది, ఎముకలు క్యాబేజీతో చారుగా మారతాయి. ఈ పద్ధతి తెలిసిన వంటగదిలో మూత బన్ను స్థానం కూడా తేటపడుతుంది. అది కాళ్లకు, మిగులు మాంసానికి గౌరవప్రదమైన గమ్యం, అందువల్ల దాని ధర మడత బన్ను ధరలో సగం చుట్టూ ఉండడం సమంజసం. రెంటికీ ఒకే ధర వేసిన జాబితా, ఆ వంటగదికి బాతు గురించి తెలియదనైనా చెబుతుంది, తినేవారికి తెలియదని అది నమ్ముతున్నదనైనా చెబుతుంది.

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పరిసరాల్లోని ఆసియా భోజనశాలల్లో బావో ఇప్పుడు సాధారణమే, అయినా అందులో కోడి, పుట్టగొడుగులదే రాజ్యం. బాతు కనిపించిన చోట అది జాబితాలో ఖరీదైన వరుసలో ఉంటుంది. పెకింగ్ పద్ధతికి కావలసిన లేత, కొవ్వు పట్టిన తెల్లని బాతు ఇక్కడి బజారులో సులువుగా దొరికేది కాకపోవడం దీనికి ఒక కారణం. గోదావరి, కృష్ణా డెల్టాలలోనూ నెల్లూరు ప్రాంతంలోనూ కోతలైన వరిచేలలో మందలుగా తిరుగుతూ రాలిన గింజలనూ నత్తలనూ ఏరుకుతినే నాటు బాతులను ప్రధానంగా గుడ్ల కోసమే పెంచుతారు, గుడ్లు తగ్గిన ముదురు పక్షులే మాంసానికి వస్తాయి. నడిచి తిరిగిన ఆ పక్షికి కొవ్వు తక్కువ, కండ గట్టి, రుచి గాఢం. దాని చర్మాన్ని పెకింగ్ తీరున కరకరలాడించబోయే వంటవానికి ఆశాభంగమే మిగులుతుంది. కానీ గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికి, ఎముక నుంచి విడివడి, తన రసంలోనే చిక్కబడిన ఆ మాంసం మూత బన్నుకు పెకింగ్ బాతు కన్నా తగినది. ఉప్పునూ చక్కెరనూ అదుపులో పెట్టుకొని అల్లం, మిరియాలు, కాస్త చింతపండు పులుపుతో దానిని వండి కూరితే, దిగుమతి చేసుకున్న గడ్డకట్టిన బాతుకు పెట్టే ఖర్చులో కొంతకే, కొవ్వు తక్కువైన, ఇనుము మిక్కిలిగా ఉన్న బన్ను తయారవుతుంది.